తెప్పకు మోటారు వచ్చిన కథ



పూరీ సభ్యులు చాలా రోజులుగా అడుగుతున్నారు. "నేతవాళ్ళ గురించి రాశారు, రైల్వే కాలనీల గురించి రాశారు, మా పెంటకోట వంతు ఎప్పుడండీ?" అని. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాము. పెంటకోట అంటే పూరీలో సముద్రం ఒడ్డున ఉన్న తెలుగు జాలర్ల పేట. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళిన కుటుంబాలు తరాలుగా అక్కడ ఉంటున్నాయి. ఒడియావాళ్ళు వాళ్ళను నోళియాలు అంటారు. జగన్నాథుడి దర్శనానికి వెళ్ళి సముద్ర స్నానం చేసినవాళ్ళకు, చెయ్యి పట్టుకుని అలల్లోకి తీసుకువెళ్ళిన నోళియా ఒకడైనా గుర్తుండే ఉంటాడు.

పేట చరిత్ర పేటవాళ్ళే రాస్తే బాగుంటుంది. మేము మాత్రం ఆ ఒడ్డున ఇసుక మీద ఉండే బోట్ల గురించి రాస్తాము. పదిమంది ఎక్కే చిన్న మోటారు బోటే అది. ఫోటోలు తీసుకునే యాత్రికుడికి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. అయితే కాకినాడ నుంచి నాగపట్నం దాకా, అటు గోపాల్‌పూర్, పూరీ దాకా, ఆ బోటు ఇప్పుడున్న ఆకారానికి రావడానికి నలభై యాభై ఏళ్ళు పట్టింది. దాని మీద విదేశీ ఇంజనీర్లు పని చేశారు. బ్యాంకులు అప్పులిచ్చాయి. సునామీ తరువాత దాతలు ఉచితంగా పంచారు. వీళ్ళందరి పేర్లూ నివేదికల్లో ఉన్నాయి. బోటును కొనుక్కుని ఇక్కడ కోసి, అక్కడ అతికించి, ఇంకోచోట ఎత్తు పెంచి పనికొచ్చేలా చేసుకున్న యజమానుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. వాళ్ళలో సగానికి సగం మన భాష మాట్లాడేవాళ్ళు.

మొదట తెప్ప సంగతి చూద్దాం.

మేము బడిలో చదివింది తమిళం. అక్కడ దీన్ని కట్టుమరం అనేవారు. కట్టిన మరం, అంతే. ఇంట్లో తెప్ప అనేవారు. 1697లో విలియం డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు తన యాత్రా గ్రంథంలో కోరమాండల్ తీరపు దుంగల పడవలను ఈ తమిళ మాటతోనే రాశాడు. అలా ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళి కాటమరాన్ అయింది. 1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే పడవల తయారీదారు రెండు డొప్పలు జోడించిన తెరచాప పడవ కట్టాడు. తరువాత ఆ రకానికి కాటమరాన్ పేరు స్థిరపడిపోయింది. ఈ రోజు ఆ మాట వెతికితే గూగుల్‌లో వచ్చేవన్నీ కోటీశ్వరుల రెండు డొప్పల పడవలు. మన దుంగలు వెనక పేజీల్లో ఎక్కడో ఉంటాయి. పేరు మనది, సొగసు వాళ్ళది!

అన్ని తెప్పలూ ఒకటి కావు. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతదేశపు పడవల రూపాల మీద పెద్ద పరిశోధన ప్రచురించాడు. తమిళ తీరంలో దుంగలను తాళ్ళతో కడతారు. విశాఖ, గంజాం వైపు దుంగలను కర్ర మేకులతో బిగించి, కొంచెం పడవ ఆకారం తెచ్చి, పక్కలకు పలక నిలబెడతారు. రెండు సగాలుగా చేసి నడుమ కడతారు. వేట నుంచి వచ్చాక విప్పి, మోసుకెళ్ళి ఆరబెడతారు. ఆరబెట్టడం ముఖ్యం. దుంగ నీళ్ళు పీల్చి బరువెక్కితే తేలడం తగ్గుతుంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. తెప్పకు లోపల అనేది లేదు. కెరటం మీద పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి కిందికి పోతాయి. తోడి పోయక్కరలేదు. బోల్తా పడితే మళ్ళీ తిప్పుకుని ఎక్కుతారు. మునగడం దాని వల్ల కాదు. మనిషి రోజంతా తడిసే ఉంటాడు, చేపలు పెట్టుకోవడానికి చోటుండదు, దూరం పోలేడు. అవన్నీ నిజమే. కాని ఒడ్డు నుంచి ఎంత దూరంలో ఏం జరిగినా పట్టుకోవడానికి ఒక దుంగ మిగులుతుంది.

ఈ తీరంలో ఇంకో పాత పడవ మసులా. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి చేసేది. లోపల ఎముకల్లాంటి అడ్డకర్రలు ఉండవు. కెరటం గుద్దినప్పుడు వంగి సర్దుకుంటుంది. మద్రాసుకు రేవు కట్టకముందు దొరలు, దొరసానులు, పెట్టెలు, బేళ్ళు అన్నీ ఓడ నుంచి ఒడ్డుకు వచ్చింది మసులా పడవల్లోనే. ఒకటి మునగకుండా నెగ్గింది, ఇంకొకటి వంగి నెగ్గింది. ఈ రెండింటిలో దేనికీ మోటారు పెట్టడం సులువు కాదు. కుట్టిన పడవలో ఇంజన్ అదురుకు కుట్లు వదులవుతాయి. దుంగల మీద ఇంజన్ కూర్చోబెడితే ఉప్పునీళ్ళలో స్నానం చేస్తుంది.

మోటారు పెట్టాలనే ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మొదలైంది. 1952లో ఒప్పందం చేసుకుని, 1953లో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో ఇండో నార్వీజియన్ ప్రాజెక్టు పెట్టారు. మొదట ఊరి పడవలకే ఇంజన్లు బిగించి చూశారు, కుదరలేదు. తరువాత ఇరవై రెండు, ఇరవై ఐదు అడుగుల కొత్త బోట్లు కట్టించారు. అవి చివరికి రొయ్యల వేటలో పడి పెద్ద వ్యాపారం అయ్యాయి. ఆ కథ వేరు, చాలామంది రాశారు. మన వైపు కూడా రేవులున్న ఊళ్ళలో మరబోట్లు వచ్చాయి. విశాఖలో రొయ్య బోటు, సోనా బోటు అనే పేర్లు విన్నవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. అవి రేవులో ఆగే బోట్లు. అడుగున పంకా శాశ్వతంగా బిగించి ఉంటుంది.

పూరీలో రేవు లేదు. ఆ ఊరికే కాదు, తూర్పు తీరంలో వందల పేటలకు లేదు. బోటు ఇసుక మీదికి రావాలి, ఇసుక మీద నుంచి వెళ్ళాలి. మధ్యలో విరిగే కెరటాల వరస రెండు మూడు దాటాలి. పంకా అడుగున ఉంటే మొదటి రోజే ఇసుకలో గుచ్చుకుని షాఫ్ట్ వంగుతుంది. పంకా పైన ఉంటే నీళ్ళు అందవు. కెరటం కింద పల్లంలో పంకా గాలిలో తిరిగితే ఇంజన్ అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. సరిగ్గా ఆ క్షణంలోనే బోటు అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. గోదావరి పాయల్లో, యానాం, కాకినాడ వైపు నావలకు ఈ బాధ లేదు. కాలువలో ఆపుకుంటారు కనుక లోపల ఇంజన్ పెట్టుకున్నా సరిపోయింది. యానాం సభ్యులకు పూరీవాళ్ళ కష్టం ఇందుకే వెంటనే అర్థం కాదు. ఒకే భాష, ఒకే సముద్రం, కాని ఒడ్డు వేరు.

1950ల చివర ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున పీటర్ గర్ట్‌నర్ అనే నిపుణుడు మద్రాసులో ఈ కెరటాలు దాటే బోటు కోసం నమూనాలు తయారు చేశాడు. సమస్య తేలలేదు. మళ్ళీ గట్టి ప్రయత్నం 1979లో జరిగింది. అదే సంస్థ, స్వీడన్ డబ్బుతో, మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టింది. నార్వేకు చెందిన గుల్‌బ్రాన్సెన్ అనే నౌకా రూపశిల్పి, మన దేశపు ఇంజనీర్లు కలిసి ఒడ్డుకు చేరే బోటు నమూనాలు వరసగా కట్టి పరీక్షించారు. వాటిలో నిలబడింది ఎనిమిదిన్నర మీటర్ల ఫైబర్ బోటు, చిన్న డీజిల్ ఇంజన్‌తో.

అందులో తెలివైన భాగం ఇంజన్ ఏర్పాటు. ఇంజన్, షాఫ్ట్, పంకా మూడూ ఒకే కట్టుగా ఇరుసు మీద ఊగుతాయి. ఒడ్డు దగ్గరికి రాగానే ఎత్తితే పంకా పైకి వచ్చేస్తుంది. చుక్కాని కూడా వస్తుంది. షాఫ్ట్ బయటికి పోయే చోట నీళ్ళు రాకుండా రబ్బరు బెలోస్, అంటే హార్మోనియం తిత్తి లాంటిది, ఉంటుంది. చూసినవాడికి ముచ్చట వేసే ఏర్పాటు. ఆంధ్రలో, ఒడిశాలో ఈ బోట్లు అప్పు మీద, సబ్సిడీ మీద జాలర్ల చేతికి వచ్చాయి. పూరీ తెలుగువాళ్ళు వాటిని తీసుకున్నారు. తెప్ప మీద పోలేనంత దూరం పోయారు, రాత్రంతా వల వేసి ఉండగలిగారు.

అయినా ఆ బోటు తీరమంతా పాకలేదు. కారణం బరువు, ఖరీదు. తెప్పను విప్పి నలుగురు భుజాన వేసుకుపోతారు. ఈ బోటును ఇసుక మీదికి లాగాలంటే వీధంతా రావాలి. లాగినవాళ్ళకు చేపల్లో వాటా ఇవ్వాలి. ఇంజనీరు బరువును కిలోల్లో చూస్తాడు, యజమాని వాటాల్లో చూస్తాడు. రబ్బరు తిత్తి చిరిగితే పక్క వీధి దుకాణంలో దొరికేది కాదు. కాగితం మీద మంచి బోటే, మేము తక్కువ చేయడం లేదు. కాని జాలరి బోటు చెడేది వేట కాలంలోనే, అప్పుడు పది రోజులు ఆగితే ఆ ఏడాది అప్పు తీరదు.

ఇదే కాలంలో కన్యాకుమారి జిల్లా ముట్టంలో పియర్ గిల్లె అనే బెల్జియం ఫాదర్ ప్లైవుడ్ బోట్లు కట్టించడం మొదలుపెట్టారు. పలకలను తీగతో కుట్టి, కీళ్ళ మీద ఫైబర్ గుడ్డ వేసి రెజిన్ పూసే పద్ధతి. కుట్టు పడవల దేశంలో కుట్టే పద్ధతి మళ్ళీ బెల్జియం నుంచి రావడం చిత్రమే. అటువైపు జపాన్ ఔట్‌బోర్డు ఇంజన్లు, కిరోసిన్‌తో నడిచేవి, 1980లలో జోరుగా వచ్చాయి.

మన తూర్పు ఒడ్డుకు పంకా చిక్కు తీర్చింది రెండు మామూలు వస్తువులు. ఒకటి వెనక తగిలించి ఎత్తుకునే ఔట్‌బోర్డు. రెండోది లాంగ్ టెయిల్. తెలుగులో చెప్పాలంటే తోక ఇంజన్. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజన్‌ను తిరిగే పీట మీద కూర్చోబెడతారు. దాని నుంచి పొడుగాటి షాఫ్ట్ వెనక్కి నీళ్ళలోకి పోతుంది, చివర పంకా. పిడి కిందికి నొక్కితే పంకా పైకి లేస్తుంది. పక్కకు తిప్పితే బోటు తిరుగుతుంది. చుక్కాని అక్కరలేదు, గేరు లేదు, తిత్తి లేదు. ఇటలీ పేరున్న లంబార్దిని ఇంజన్ మన జాలర్ల నోట్లో నలిగి సొంత మాట అయిపోయింది. దీని కోసం ఎవరూ మహాబలిపురంలో సదస్సు పెట్టలేదు. పొలంలో నీళ్ళ పంపు బాగుచేసే మెకానిక్కే దీన్నీ బాగుచేస్తాడు. అది నెగ్గడానికి ఆ ఒక్క కారణం చాలు అని మా అభిప్రాయం.

ఇంజన్ చిక్కు తీరింది. ఇక డొప్ప.

మంచి దుంగల ధర పెరిగింది, దొరకడం కూడా తగ్గింది. అప్పుడు ఫైబర్ తెప్ప వచ్చింది. తీరం పొడవునా చిన్న చిన్న షెడ్లలో చేస్తారు. అచ్చులో ముందు రంగు పొర పూసి, గాజు నార చాప పరిచి, పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపడ్డాక ఊడదీస్తారు. తొలినాటి ఫైబర్ తెప్పలు పేరుకు తగ్గట్టు తెప్పలే. ఎత్తు తక్కువ, పైన మూత, లోపల థర్మోకోల్ లేదా ఫోము. మూత మీద పడ్డ నీళ్ళు పక్కలకు పోతాయి. దుంగ చేసే పనినే ఫోము చేసింది. అంటే మునగని గుణాన్ని కొత్త సామానులోకి తెచ్చారన్న మాట.

ఇది మన దగ్గరే పుట్టిన ఆలోచన అని చెప్పబోము. అమెరికాలో మసాచుసెట్స్‌లో రిచర్డ్ ఫిషర్ అనే ఆయన 1958లో బోస్టన్ వేలర్ అనే పదమూడు అడుగుల మోటారు బోటును అమ్మకానికి పెట్టాడు. రెండు ఫైబర్ పొరల మధ్య ఫోము నింపిన బోటు. 1961లో లైఫ్ పత్రికలో దాని బొమ్మలు వచ్చాయి. ఫిషర్ సూటు వేసుకుని బోటులో కూర్చుని ఉంటాడు, బోటును నడిమికి రంపంతో కోసేస్తారు, ఆయన సగం బోటులో హాయిగా తేలుతూ ఉంటాడు. ఆ బోటు యజమానులు కూడా అరవై ఏళ్ళుగా దాన్ని కోస్తూ, బెజ్జాలు పెడుతూ, పెద్ద ఇంజన్లు తగిలిస్తూనే ఉన్నారు. బెజ్జంలోంచి నీళ్ళు ఫోములోకి చేరి బోటు బరువెక్కిందని బాధపడుతూనే ఉన్నారు. కాబట్టి మార్చడం మన జాలరి మూర్ఖత్వం అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు.

మన యజమానులు ఏం మార్చారు? మొదట పక్కలు ఎత్తు పెంచారు. తెప్ప మీద తడిసి కూర్చోవడం ఎవరికి ఇష్టం? ఎత్తు పెంచగానే తెప్ప బోటు అయింది, లోపల అనేది పుట్టింది. తరువాత పొడవు పెంచారు. ఉన్న బోటునే బోర్లించి దాని మీద కొత్త అచ్చు తీసి, మధ్యలో రెండడుగులు కలిపి, ఇంకా పెద్ద బోటు చేసే షెడ్లు ఉన్నాయి. ఇలా అచ్చు మీద అచ్చు తీసిన బోటుకు లెక్క చూసిన ఇంజనీరు ఎవరూ ఉండరు. పొడవు పెరిగితే ఇంజన్ పెద్దది కావాలి, దాని పీట గట్టిగా ఉండాలి, వెనక్కి బరువు పడుతుంది కనుక వలను ముందుకు జరపాలి. అడుగు ఇసుక మీద రాసుకుని పొర అరిగిపోతుంది, అందుకని ఏటా అడుగున ఇంకో పట్టీ అతికిస్తారు. పట్టీ మీద పట్టీ పడి బరువు పెరుగుతుంది. ఇప్పుడు మన తమిళనాడు ఒడ్డున చాలా చోట్ల బోటును లాగేది మనుషులు కాదు, ట్రాక్టరు. ఇంజనీరు బోటును బరువని వదిలేసిన తీరమే ఇరవై ఏళ్ళలో ట్రాక్టరు కొనుక్కుంది! తమ చేతులతో, ఒక్కొక్క కిలో పెంచుకుంటూ తెచ్చుకున్న బరువు కాబట్టి అది బరువనిపించలేదు.

చివరిగా ఐసు పెట్టె. ఐసు ఉంటే ఒక రాత్రి కాదు, రెండు మూడు రోజులు ఉండవచ్చు. ఐసులో పెట్టిన వంజరానికి ధర వస్తుంది. మేము పార్సిల్ ఆఫీసులో ఉన్న రోజుల్లో ఐసు కరిగి నీళ్ళు కారే చేపల బుట్టలు రాసుకున్న గుమాస్తాలమే, ఐసు విలువ మాకు ఎవరూ చెప్పక్కరలేదు. కాని చిన్న బోటులో ఐసు పెట్టెకు చోటు ఎక్కడ? ఫోము ఉన్న చోటే. మూత కోసి, ఫోము పెకిలించి, అక్కడ ఐసు, చేపలు వేస్తారు.

అప్పుడు ఏం పోతుందో గుమాస్తా లెక్క ఒకటి వేద్దాం. ఫైబర్ నీళ్ళకన్నా ఒకటిన్నర రెట్లు బరువు. కాబట్టి 600 కిలోల బోటు నీళ్ళతో నిండిపోతే, దాన్ని తేల్చడానికి 200 కిలోల ఎత్తుడు కావాలి. ఇంజన్ 60 కిలోలైతే ఇనుము కనుక దానికి ఇంచుమించు 50 కావాలి. ఐదుగురు మనుషులు నీళ్ళలో ఉండి బోటు పట్టుకుని తల పైన పెట్టుకోవాలంటే తలా పది చొప్పున 50. మొత్తం 300. ఒక లీటరు ఫోము ఇంచుమించు ఒక కిలోను ఎత్తుతుంది. అంటే 300 లీటర్ల పైన ఫోము ఉండాలి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ పలక 25 లీటర్లు. పదమూడు పలకలు. ఇంతే. ఇప్పుడు మీటరు పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఐసు గది కోసం ఎంత తీశారో చూడండి: 500 లీటర్లు. ఒక్క పెట్టెతో బోటు మునిగేదైపోయింది. దుంగల తెప్ప మీద తాతకు ఉన్న భద్రత, ఇంజను, ఐసు ఉన్న మనవడికి లేకుండా పోయింది.

యజమానిని తిట్టి లాభం లేదు. అతను రోజూ చూసేది చేపల ధర. బోటు నిండిపోవడం జీవితంలో ఒకసారి జరిగితే జరగవచ్చు, లేకపోతే లేదు. పైగా బాగా ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. ఐసు గది గోడలలోనే మందంగా ఫోము పెట్టి, లోపలా బయటా ఫైబర్ వేయించుకునేవాళ్ళు. అదే ఫోము ఐసును కాపాడుతుంది, బోటును కూడా తేలుస్తుంది. గది కొంచెం చిన్నదవుతుంది, ఐసు ఎక్కువసేపు ఉంటుంది. మాకు తెలిసి ఇన్ని మార్పుల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే. అయితే ఒక జాగ్రత్త ఉంది. పాలియెస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది నేరుగా తగిలితే థర్మోకోల్ నీళ్ళలో పంచదారలా కరిగిపోతుంది. పైకి గోడ బాగానే ఉంటుంది, లోపల బోలు. పాలిథిన్ షీటు చుట్టి పెట్టాలి, లేదా పాలియూరితేన్ ఫోము వాడాలి. పని తెలిసిన మేస్త్రీకి ఇది తెలుసు. తొందరలో చేసిన షెడ్డువాడికి తెలియకపోవచ్చు.

తొందర అనగానే సునామీ గుర్తుకు రావాలి. 2004 డిసెంబరు 26 తరువాత తమిళనాడు తీరానికి ఫైబర్ బోట్లు వేలల్లో వచ్చాయి. మంచి మనసుతో ఇచ్చారు, కాదనలేము. కాని కొన్ని నెలల్లో వేల బోట్లు కావాలంటే నిన్నటిదాకా వేరే పని చేసినవాళ్ళు కూడా షెడ్లు తెరిచారు. పొరలు పలచన, ఫోము పేరుకు. కట్టుమరం పోగొట్టుకున్నవాడికి ఫైబర్ బోటు ఇచ్చారు. తెప్ప కట్టే మేస్త్రీలకు ఆ తరువాత పని బాగా తగ్గిపోయింది. ఒక దాత సంస్థ ఇచ్చిన బోటును మాకు తెలిసిన ఒక కుటుంబం మొదటి ఏడాదే అడుగంతా మళ్ళీ వేయించుకోవలసి వచ్చింది. ఉచితంగా వచ్చిన బోటుకు సొంత డబ్బు పెట్టుకున్నారు. అదీ యజమాని చేసిన మార్పే, ఏ నివేదికలోనూ ఉండదు.

ప్రభుత్వ లెక్కల్లో ఈ బోట్లు మూడు రకాలు: మరబోట్లు, మోటారు బిగించినవి, మోటారు లేనివి. 2010 సముద్ర మత్స్య గణనలో దేశం మొత్తం మీద మొదటివి 72,559, రెండోవి 71,313, మూడోవి 50,618. ఆ 71,313లో ఔట్‌బోర్డు తగిలించిన తెప్ప ఉంది, ముప్పై అడుగుల ఐసు గది బోటూ ఉంది. తెప్పకు తోక ఇంజన్ తగిలించిన రోజున ఆ మనిషి ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారతాడు. ఇది ఉత్త కాగితం సంగతి కాదు. ఒడిశాలో 1982 చట్టం కింద ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల లోపల మోటారు లేని సంప్రదాయ పడవలకు కేటాయింపు ఉంది. తమిళనాడుకు 1983లో, ఆంధ్రకు 1994లో తమ తమ చట్టాలు వచ్చాయి. గడి మారితే హద్దు మారుతుంది, సబ్సిడీ మారుతుంది. ముప్పై ఐదేళ్ళు గడుల్లో అంకెలు నింపిన మాకు గడి ఎంత బలమైనదో తెలుసు. ఆ గడుల్లో ఎక్కడా "ఈ బోటు నీళ్ళతో నిండితే తేలుతుందా" అనే ప్రశ్న లేదు.

అందుకని పూరీ, కాకినాడ, కాశిమేడు సభ్యులకు ఒక విన్నపం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చాలా బోట్లు ఒడ్డున ఉంటాయి, కోతలు, అతుకులు, కొత్త పెట్టెలు ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. మన పేటల్లో ఒక్కో చోట ఒక్క యజమాని ఒప్పుకున్నా చాలు. ఇంజన్ విప్పేసి, దాని బరువుకు ఇసుక మూటలు పెట్టి, కెరటాలు లేని చోట, నడుము లోతు నీళ్ళలో బోటును పూర్తిగా నింపి చూడండి. పక్క అంచు నీళ్ళ పైన నిలిస్తే మంచిదే. మునిగితే ఎన్ని పలకలు కావాలో పై లెక్క ప్రకారం చూసి వేయించుకోవచ్చు. ఆ ఖర్చు ఒక వేట ఐసు ఖర్చుకన్నా పెద్దగా ఎక్కువ ఉండదని మా అంచనా. కొలతలు, ఫోటోలు పంపితే మేము ఇక్కడ వరసగా రాసి పెడతాము. ఎవరి బోటు, ఏ సంవత్సరం, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని. పెంటకోటలో తోక ఇంజన్‌ను, దాని పీటను, పిడిని ఏమేమి పేర్లతో పిలుస్తారో కూడా పెద్దవాళ్ళను అడిగి రాయండి. మా దగ్గర తమిళం పేర్లే ఉన్నాయి.